మత్తు డాక్టరు

ఆపరేషన్ గదిలో రోగి తలవైపు నిలబడేవాడు మత్తు డాక్టరు. కత్తి పట్టిన సర్జన్ పేరు ఊరంతా చెప్పుకుంటుంది, మత్తిచ్చినాయన ముఖం రోగికి కూడా గుర్తుండదు. గొంతులోకి గొట్టం దించేటప్పుడు రోగి విడిచిన ఊపిరి నేరుగా తగిలేది మాత్రం ఆయనకే. కరోనా వచ్చిన మొదటి నెలల్లో ఆసుపత్రి మొత్తం మీద ప్రాణభయం ఎక్కువున్న చోట్లలో ఆ తలవైపు ఒకటి. అప్పటి విశాఖ జిల్లా నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో ఆ చోట పనిచేసినవారు డాక్టర్ కె. సుధాకర్ రావు.

2020 ఏప్రిల్ మొదట్లో ఆయన కెమెరాల ముందు నోరు విప్పారు. ఎన్-95 మాస్కులు లేవని, ఇచ్చిన ఒక్కదాన్నే పదిహేను రోజులు వాడుకోమంటున్నారని, ఇలాగైతే డాక్టర్లు బతికేదెలాగని అడిగారు. ఆ మాటలు అబద్ధమంది ప్రభుత్వం. ఏప్రిల్ 8న సస్పెండ్ చేసింది. ఆ తర్వాత మరో వీడియోలో ఆయన క్షమించమని, ఉద్యోగం తిరిగి ఇప్పించమని వేడుకున్నారు. ఆ వేడుకోలు ఎవరికీ గుర్తులేదు. మొదటి వీడియోనూ, మే నెలలో వచ్చిన మూడోదాన్నీ మాత్రం రాష్ట్రమంతా చూసింది.

సర్కారు నౌకరీ చేసినవాళ్ళకు సస్పెన్షన్ అంటే ఏమిటో తెలుసు. ముందు హాజరు పట్టీలో సంతకం పోతుంది. జీతం పోయి జీవనభృతి వస్తుంది. నిన్నటిదాకా సార్ సార్ అన్న కాంపౌండరు బజార్లో కనపడితే సందు మళ్ళుతాడు. ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడతారు. మాస్కు గురించి అడిగినందుకు మాస్కులతోనే దేశమంతా ఇళ్ళలో కూర్చున్న రోజుల్లో, ఒక మత్తు డాక్టరు పని లేకుండా దాదాపు నలభై రోజుల పాటు అలా ఉన్నారు.

మే 16న విశాఖపట్నం అక్కయ్యపాలెం దగ్గర హైవే మీద గొడవ జరిగింది. ఎవరో తాగి అల్లరి చేస్తున్నాడని కబురొస్తే వెళ్ళామని పోలీసులు చెప్పారు. సుధాకర్ ఒంటి మీద చొక్కా లేదు. చేతులు వెనక్కి విరిచి కట్టేసి ఉన్నాయి. నడిరోడ్డు మీద పడి ఉన్న మనిషిని ఒక కానిస్టేబులు కొట్టడం వీడియోలో అందరికీ కనిపించింది. ఆ కానిస్టేబుల్ని పైవాళ్ళు సస్పెండ్ చేశారు. డాక్టర్ని ఆటోలో ఎక్కించి స్టేషనుకు, అక్కణ్ణుంచి కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్‌కు), అక్కణ్ణుంచి చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి తీసుకెళ్ళారు. తాత్కాలికంగా మతి చలించిందని డాక్టర్లు రాశారు. అంటే తన శాఖలోని డాక్టర్లే, తన సర్కారు ఆసుపత్రిలోనే, తనను మానసిక రోగిగా చేర్చుకున్నారు.

ఆయన తాగి ఉన్నారన్నది పోలీసుల మాట. వాళ్ళ మాటే నిజమనుకుందాం. ఆ పూట నోటికొచ్చినట్టు తిట్టారనీ అనుకుందాం. తాగడం వేరు, తాగుడు వల్ల వచ్చే మనోవ్యాధి వేరు. చట్టం లెక్కలోకి తీసుకునేది రెండోదాన్ని. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షను ఇంకో మాట కూడా చెబుతుంది: మనిషి రాజకీయ అభిప్రాయాన్నో, సామాజిక హోదానో, మతాన్నో చూసి మానసిక జబ్బు ఉందని తేల్చకూడదు. రాసినవాళ్ళు ఎందుకంత ముందుచూపుతో రాశారో చరిత్ర చదివినవాళ్ళకు అర్థమవుతుంది. సోవియట్ రష్యాలో ఎదురు మాట్లాడినవాళ్ళను పిచ్చాసుపత్రుల్లో పెట్టిన సంగతి లోకమెరిగినదే. సుధాకర్ విషయంలో అదే జరిగిందని నేను తీర్పు చెప్పడం లేదు. అది జరిగిందా లేదా అని అడగడానికి చట్టం ఒక దారి పెట్టింది. ఆ దారిలో ఎవరు నడిచారన్నదే నా గొడవ.

చినవాల్తేరు గేటు మా భద్రాచలం వైపు వాళ్ళకు కొత్తది కాదు. మద్రాసు ప్రభుత్వం పంతొమ్మిదో శతాబ్దంలోనే అక్కడ పిచ్చాసుపత్రి పెట్టింది. గోదావరికి అవతలి ఒడ్డున ఉన్న మా భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఇవతల పాల్వంచ, కొత్తగూడెం, ఖమ్మం నిజాం రాజ్యం. వాళ్ళ పిచ్చాసుపత్రి జాల్నాలో ఉండేది, తర్వాత హైదరాబాదు ఎర్రగడ్డకు మారింది. ఈ ఏటి ఒడ్డున తిట్టుకు కూడా రెండు ఊళ్ళు. కొందరు ఎర్రగడ్డకు పంపాలంటారు, కొందరు వాల్తేరుకు పంపాలంటారు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిశాక వాల్తేరు మాట తగ్గింది. 2014లో రాష్ట్రం విడిపోయి, పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. చింతూరు, కూనవరం, వర రామచంద్రాపురం పోయాయి. కుక్కునూరు, వేలేరుపాడు పోయాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో మిగిలింది, పట్నం చుట్టూ ఉన్న ఊళ్ళు పోయాయి. ఎటపాక భద్రాచలానికి కూతవేటు దూరం, రాష్ట్రం మాత్రం వేరు. అలా చినవాల్తేరు మళ్ళీ మా పక్కింటివాళ్ళ ఆసుపత్రి అయింది. ఎటపాక నుంచి అక్కడికి మూడొందల కిలోమీటర్ల పైమాటే.

ఈ దేశంలో పిచ్చాసుపత్రుల మీద ప్రభుత్వ అదుపు 1858 చట్టంతో మొదలైంది. సిపాయిల తిరుగుబాటు ఇంకా పూర్తిగా చల్లారని ఏడాది అది. ఆ చట్టంలో ఒక మంచి ఏర్పాటు ఉంది. ఆసుపత్రిని తనిఖీ చేయడానికి బయటి నుంచి విజిటర్లు రావాలి, అందులో ఒకరు వైద్యుడై ఉండాలి. 1912 చట్టంలోనూ, 1987 చట్టంలోనూ విజిటర్లు కొనసాగారు. గేటు లోపల ఉన్నవాడి మాట గేటు బయటికి రాదు కాబట్టి, బయటి మనిషే లోపలికి పోవాలని ఇంగ్లీషు దొర కూడా ఒప్పుకున్నాడన్నమాట. కాకపోతే మనిషి లోపలికి వెళ్ళే దారిలో పోలీసు, మెజిస్ట్రేటు ఎదురొచ్చేవారు. ఆ దారి అలాగే నిలిచిపోయింది. 1999లో జాతీయ మానవ హక్కుల కమిషన్, బెంగళూరు నిమ్హాన్స్ కలిసి దేశంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలను పరిశీలించినప్పుడు చాలాచోట్ల కనిపించింది జైలు కట్టడమే.

లైసెన్సు సంగతి 1987 చట్టంలో గట్టిగా వచ్చింది. ప్రైవేటు మానసిక ఆసుపత్రి పెట్టాలంటే లైసెన్సు తీసుకోవాలి. ఐదేళ్ళకోసారి తిరగరాయించుకోవాలి. తనిఖీ అధికారి ఎప్పుడైనా రావచ్చు, రికార్డులు చూడవచ్చు, రోగితో విడిగా మాట్లాడవచ్చు. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. అయితే అందులోనే ఒక చిన్న ఉపసెక్షను ఉంది: ప్రభుత్వం నడిపే ఆసుపత్రులకు ఈ లైసెన్సు అక్కర్లేదు. ఎర్రగడ్డకు అక్కర్లేదు, చినవాల్తేరుకు అక్కర్లేదు. పేదవాడు చేరేది ఎక్కడో అక్కడికే లైసెన్సు లేదు. ఆ చట్టం పార్లమెంటులో గట్టెక్కాక అమలు తేదీ రావడానికి కూడా ఆరేళ్ళు పట్టింది; 1993 ఏప్రిల్ 1న వచ్చింది.

ఇంకో ఎనిమిదేళ్ళకు ఏర్వాడి వచ్చింది. తమిళనాడు రామనాథపురం జిల్లాలో ఒక దర్గా ఊరు. దర్గాలో పడుకుంటే మతి కుదురుతుందని నమ్మి జనం తమవాళ్ళను తెచ్చి దింపేవారు. వాళ్ళను పెట్టుకోవడానికి చుట్టూ పాకలు లేచాయి, నెలకింతని డబ్బు తీసుకునేవారు. అలాంటి ఒక పాక పేరు మొయిదీన్ బాదుషా మెంటల్ హోం. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున దానికి నిప్పంటుకుంది. లోపల నలభై మందికి పైగా ఉన్నారు, చాలామంది గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది చనిపోయారు. గొలుసు తాళం తీసేవాడు లేక చనిపోయారు. చనిపోయినవాళ్ళ పేర్లు నాకు తెలియవు. ఆ చావుల తర్వాత మొదలైన కాగితాల పేర్లు మాత్రం తెలుసు. వారం తిరక్కుండా అలాంటి హోంలన్నీ మూయించి అయిదు వందల మందికి పైగా రోగులను ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. 2002 ఫిబ్రవరిలో ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండాలని, లైసెన్సు లేకుండా నడిచే చోట్లను లెక్క తీయాలని ఆదేశించింది. యజమానికి, అతని కుటుంబంవాళ్ళకు 2007లో ఏడేళ్ళ జైలు పడింది.

ఏర్వాడి తర్వాత రాష్ట్రాలకు లైసెన్సు అంటే భయం పట్టింది. ఆ భయం గోడలవైపు పోయింది. మంచాల మధ్య ఎంత జాగా ఉంది, నిప్పు ఆర్పే సిలిండరు ఉందా, సైకియాట్రిస్టు పేరు బోర్డు మీద ఉందా, నర్సులెందరు? ఇవన్నీ అడగాల్సినవే, ఏర్వాడిలో ఎవరూ అడగనివే. ఫలానా మనిషి ఎవరి మాట మీద ఈ మంచం మీదికి వచ్చాడన్న ప్రశ్న మాత్రం ఆ తనిఖీ ఫారాలలో ఒక మూలకు పోయింది.

2018 మే 29న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, అంటే ముందు చెప్పిన 2017 చట్టం, ఆ ప్రశ్నను నడిమధ్యకు తెచ్చింది. ముందు ప్రభుత్వ ఆసుపత్రులకున్న మినహాయింపు తీసేసింది. ఇప్పుడు సర్కారుదైనా ప్రైవేటుదైనా రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టరు కావాల్సిందే. రిజిస్టరు కాకుండా నడిపితే మొదటిసారి జరిమానా ఐదు వేల నుంచి యాభై వేల రూపాయలు. ఐదు వేలంటే నవ్వొస్తుంది, పోనీండి. అసలు బలం ఇంకోచోట ఉంది. మనిషి వద్దంటున్నా చేర్చుకోవాలంటే అతని ప్రతినిధి దరఖాస్తు ఉండాలి. ఒక సైకియాట్రిస్టు, మరో నిపుణుడు విడివిడిగా పరీక్షించి ఇద్దరూ అవసరమని రాయాలి. చేర్చుకున్న ఏడు రోజుల్లోగా రివ్యూ బోర్డుకు తెలపాలి. స్త్రీ అయినా, మైనరు అయినా మూడు రోజుల్లోనే. ముప్పై రోజులు దాటితే బోర్డు అనుమతి లేనిదే ఉంచుకోకూడదు. ఆ బోర్డుకు పెద్దగా జిల్లా జడ్జి స్థాయివారుంటారు. కలెక్టరు తరఫు మనిషి, సైకియాట్రిస్టు, మరో డాక్టరు ఉంటారు. మిగిలిన ఇద్దరూ ఆ జబ్బు పడినవారో, జబ్బుపడినవాళ్ళను సాకినవారో, ఆ పనిచేసే సంస్థలవారో అయి ఉండాలి. 1858 నాటి విజిటరుకు కోర్టు అధికారం ఇచ్చినట్టయింది. నన్నడిగితే స్వతంత్ర భారతంలో రోగి వైపు నుంచి ఆలోచించి రాసిన కొద్ది చట్టాల్లో ఇదొకటి.

ఇంత మంచి చట్టం అమల్లో ఉన్న రెండో ఏట సుధాకర్ చినవాల్తేరు గేటు లోపలికి వెళ్ళారు.

అది ఏర్వాడి పాక కాదు. సూపరింటెండెంటు ఉన్నారు, సైకియాట్రిస్టులు ఉన్నారు, వార్డులున్నాయి, మందులున్నాయి. మతి తప్పి తిరిగే మనిషి కనిపిస్తే పోలీసు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలని చట్టమే చెబుతుంది. లాకప్‌లో పెట్టకూడదనీ చెబుతుంది. కాబట్టి స్టేషను నుంచి కేజీహెచ్‌కు, అక్కణ్ణుంచి చినవాల్తేరుకు అనే దారి కాగితం మీద వంకర లేనిదే. కాగితం బాగుండటమే ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి. చేతులు విరిచి కట్టిన తాడుకు ఏ ఫారంలోనూ గడి ఉండదు.

లోపలి నుంచి ఆయన సూపరింటెండెంటుకు ఉత్తరం రాశారు. తనకు ఇస్తున్న మందులు పడటం లేదని, ఒంట్లో మార్పులు వస్తున్నాయని, వేరే ఆసుపత్రికి మార్చమని కోరారు. ఏ మందు ఎంత మోతాదులో ఏం చేస్తుందో తెలిసిన మనిషి రాసిన ఉత్తరం అది. మత్తు డాక్టరు చదువంతా అదే కదా, నరాల మీద మందు ఎంతసేపు పనిచేస్తుంది, ఎప్పుడు దిగుతుంది. ఆసుపత్రి తన వైద్యం సరైనదేనంది. వార్డులో చేరిన క్షణం నుంచి రోగి చెప్పే ప్రతి మాటా జబ్బు లక్షణంలాగే వినబడుతుంది. అది చినవాల్తేరు తప్పో, ఎర్రగడ్డ తప్పో అనలేం. ఆ గేటుకున్న గుణం అది. అందుకే రివ్యూ బోర్డు గేటు బయటివాళ్ళతో ఉండాలన్నారు.

తల్లి తట్టిన తలుపు మాత్రం బోర్డుది కాదు. ఆమె అమరావతిలోని హైకోర్టుకు వెళ్ళింది, కొడుకును కోర్టు ముందుకు తెప్పించమని హెబియస్ కార్పస్ పిటిషన్ వేయించింది. దొంగతనంగా ఎత్తుకుపోయిన మనిషి కోసమో, పోలీసులు మాయం చేసిన మనిషి కోసమో వేసే పిటిషన్ అది. మా ఏజెన్సీలో దాని పేరు చదువురానివాళ్ళకు కూడా తెలుసు, ఎందుకు తెలుసో చెప్పనక్కర్లేదు. కొట్టిన వీడియో సంగతి అప్పటికే హైకోర్టు ముందుకు వెళ్ళింది. మెజిస్ట్రేటు వెళ్ళి వాంగ్మూలం తీసుకుని చూసిన గాయాలకూ, ప్రభుత్వ నివేదికలో రాసిన గాయాలకూ లెక్క కుదరలేదు. రాష్ట్ర పోలీసుల మీద నమ్మకం పెట్టకుండా కోర్టు మే 22న దర్యాప్తును సీబీఐకి ఇచ్చింది. జూన్ 5న, ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు సూపరింటెండెంటుకు చెప్పి వెళ్ళిపోవచ్చంది. ఆయన ఇంటికి వెళ్ళారు.

చేర్చి మూడు వారాలు. ఒక్క వీడియో, రాష్ట్ర హైకోర్టు, ప్రతిపక్షం, పత్రికలు, సీబీఐ, ఒక తల్లి: ఇంతమంది పూనుకుంటే ఒక డాక్టరు బయటికి రావడానికి మూడు వారాలు పట్టింది.

బయటికి వచ్చిన మనిషి తిరిగి తలవైపు నిలబడలేదు. పార్టీలు ఆయన పేరును తమ తమ సభల్లో వాడుకున్నాయి. కులం పేరుతో కొందరు వెంట నిలిచారు, కులం పేరుతోనే కొందరు ఎగతాళి చేశారు. పిచ్చాసుపత్రిలో ఉండొచ్చినాయన అన్న మాట మనిషికి ఒకసారి అంటుకుంటే ఏ కోర్టు తీర్పూ కడగలేదు. చట్టం దగ్గర దానికి మందు లేదు. 2021 మే 21 రాత్రి విశాఖలో గుండెపోటుతో డాక్టర్ సుధాకర్ చనిపోయారు. సీబీఐ దర్యాప్తుకు ఆదేశించిన రోజుకు ఏడాది నిండటానికి ఒక్కరోజు తక్కువ. కరోనా రెండో అల దేశాన్ని తుడిచిపెడుతున్న రోజులవి. ఊపిరాడనివాళ్ళ గొంతులో గొట్టం దించడానికి చాలా ఆసుపత్రులు మత్తు డాక్టర్ల కోసం వెతుక్కుంటున్నాయి.

ఇప్పుడు మా హద్దుకు వద్దాం.

భద్రాచలం ఏరియా ఆసుపత్రికి నాలుగు రాష్ట్రాల రోగులు వస్తారు. మన మండలాలవాళ్ళే కాక ఎటపాక, చింతూరు వాళ్ళు, ఛత్తీస్‌గఢ్ కుంట, సుక్మా వైపు వాళ్ళు, ఒడిశా మల్కనగిరి వాళ్ళు వస్తారు. పురుడైనా, జ్వరమైనా, పాము కాటైనా ఇక్కడికే. కడుపు నొప్పికి రాష్ట్రం హద్దు అడ్డురాదు. మతి తప్పిన మనిషి పోలీసు చేతికి చిక్కితే మాత్రం హద్దు లేచి నిలబడుతుంది. ఎటపాక రోడ్డు మీద పట్టుకుంటే ఆంధ్రా పోలీసు, చినవాల్తేరు, అమరావతి హైకోర్టు. నాలుగు అడుగులు ఇటువేసి భద్రాచలం బ్రిడ్జి సెంటర్లో పట్టుకుంటే తెలంగాణ పోలీసు, ఎర్రగడ్డ, హైదరాబాదు హైకోర్టు. రెండు ప్రాధికార సంస్థలు, రెండు బోర్డులు. అడవిలో తిరిగే మనిషికి తను ఏ రాష్ట్రంలో ఉన్నాడో తెలియదు. సల్వాజుడుం కాలంలో బస్తర్ నుంచి పారిపోయి వచ్చి మన అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలకైతే ఉన్న రాష్ట్రం కూడా తమది కాదు, ఆధార్ కార్డు కోసమే ఏళ్ళు తిరిగారు.

ఇక్కడ జబ్బు ముందు కోయ పూజారి వడ్డె దగ్గరికి పోతుంది. తర్వాత ఆర్ఎంపీ దగ్గరికి, తర్వాత ప్రార్థన సభకు. అన్నీ అయ్యాక ఇంటివాళ్ళు మిరప చేలో కూలికి పోయేముందు మనిషిని మంచం కోడుకు కట్టేసి పోతారు. పొద్దుగూకేదాకా కాపలా ఉండేవాళ్ళెవరు? ఒకరి కూలి పోతే ఆ పూట పొయ్యి వెలగదు. కొత్త చట్టం 95వ సెక్షను ఏ రూపంలోనూ గొలుసు వేయరాదంటుంది, కూలికి పోయేముందు బిడ్డను కట్టేసే తల్లి చేతిలోని తాడు కూడా అందులోకే వస్తుందనుకోవాలి. ఏర్వాడి యజమానినీ ఆ తల్లినీ ఒకే వాక్యంలో పెట్టిన చట్టం, తాడు విప్పాక మందు ఇచ్చి చూసుకునే మనిషిని ఆ ఊరికి పంపాలి కదా. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో నాలుగు జిల్లాలతో మొదలైంది. అందులో ఒకటి మన మెదక్. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు, కింద పీహెచ్‌సీలో నెలకు సరిపడా మాత్రలు, ఊళ్ళో అడిగి చూసే ఆశా కార్యకర్త, అదీ దాని ఊహ. ఆ ఊహ గుండాల దాకా, చింతూరు దాకా నిండుగా వచ్చి ఉంటే కోడుకు కట్టిన తాళ్ళు సగం ఊడేవి.

నాకు భయం కలిగించేది ఇంకోటి. సుధాకర్‌కు ఇంగ్లీషు వచ్చు, మందుల పేర్లు తెలుసు, ఉత్తరం రాయగలరు. కొట్టినప్పుడు ఎదురుగా సెల్‌ఫోన్లు ఉన్నాయి. కుంట రోడ్డు మీద, శబరి ఒడ్డున, ఎండలో అరుచుకుంటూ నడుస్తున్న కోయ యువకుడి ఎదురుగా అవేవీ ఉండవు. అతను మావోయిస్టు కొరియరా, పిచ్చివాడా అన్నది పట్టుకున్నవాళ్ళు అప్పటికప్పుడు తేల్చేస్తారు. రెండో మాటే రాసి వాల్తేరుకు పంపారనుకోండి, ఆ అబ్బాయి మూడొందల కిలోమీటర్ల అవతల, తన భాష రాని వార్డులో ఉంటాడు. మూడు వారాలకు ఎవరొస్తారు?

చట్టం రాసినవాళ్ళు దీన్ని కూడా ఊహించారనే చెప్పాలి. రోగి నేరుగా రివ్యూ బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చు. రుసుము లేదు. అత్యవసరమైతే కాగితం కూడా అక్కర్లేదు, వార్డులోంచి నోటిమాటగానో, ఫోనులోనో చెప్పినా బోర్డు తీసుకోవచ్చని 77వ సెక్షను ఒప్పుకుంటుంది. రాయడం రానివాడి కోసమే ఆ వెసులుబాటు పెట్టారేమో. ఇక మిగిలిన సంగతులు రెండు రాష్ట్రాల బోర్డులూ చెప్పాలి. ఆ ఫోను నంబరు వార్డు గోడ మీద ఎక్కడ రాసి ఉంది? ఎత్తినవాళ్ళకు కోయ భాష వస్తుందా?